ఉద్దానం దారుల్లో ఛార్జింగ్ బండి: కొన్ని విశేషాలు

పలాస నుంచి టెక్కలికి జాతీయ రహదారి మీద సుమారు 30 కిలోమీటర్లు. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ఉద్యోగికి, కాలేజీ పిల్లలకి, ఆస్పత్రి పని మీద వెళ్లేవారికి రానూపోనూ 60. వజ్రపుకొత్తూరు వైపు నుంచో మందస వైపు నుంచో పలాస-కాశీబుగ్గకు వచ్చిపోయేవారికి ఇంకా తక్కువే. ఛార్జింగ్ బండి కొందామా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు మొదట తేల్చుకోవలసిన అంకె ఈ రోజువారీ దూరమే. కంపెనీ పేరు, రంగు, ముందుండే తెర సైజు అన్నీ ఆ తర్వాతే. ఈ దూరం చుట్టూ తిరిగే సంగతులు కొన్ని, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానానికే చెల్లే సంగతులు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

బంకు లెక్క, మీటరు లెక్క

రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగే మనిషిని తీసుకుందాం. నెలకు 1,040 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 ఇస్తే 23 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల దరిదాపున పలికే మన రాష్ట్రంలో అది రెండున్నర వేలు. అదే దూరానికి విద్యుత్ స్కూటరు, కిలోమీటరుకు 30 వాట్ అవర్ల చొప్పున, 31 యూనిట్లు వాడుతుంది. గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీకి చేరేలోపు ఛార్జరులో వేడి రూపంలో కొంత పోతుంది కాబట్టి మీటరు మీద 36 యూనిట్ల దాకా తిరుగుతాయి.

ఆ 36 యూనిట్లకు ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ఇంటి స్లాబులు చూస్తే మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. బండి తాగే కరెంటు ఎప్పుడూ ఇంటి వాడకం పైన వచ్చి పడుతుంది గనుక దానికి కింది స్లాబు ధర దొరకదు. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంట్లో బండి చేరితే అదనంగా పడేది సుమారు 180 రూపాయలు. ఏసీ ఉండి 200 యూనిట్లు దాటే ఇంట్లో అదే బండికి 250. సర్దుబాటు ఛార్జీలు, సుంకం కలిపినా 300కి అటూ ఇటూ. రెండున్నర వేలు ఎక్కడ, మూడొందలు ఎక్కడ!

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఇంకొక్క అడుగు వేయాలి. విద్యుత్ బండికి పెట్రోలు బండి కంటే 35 వేలు ఎక్కువ పెట్టారనుకుందాం. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే ఏడాదిన్నర లోపే ఆ తేడా వెనక్కి వస్తుంది. రోజుకు 10 కిలోమీటర్లే తిరిగితే నెలకు మిగిలేది ఆరువందల లోపు. తేడా రాబట్టడానికి అయిదేళ్లు పడుతుంది. ఊళ్లో కొట్టుకి, గుడికి, బడికి మాత్రమే తిరిగే ఇంటికి డబ్బు కోసమే అయితే ఇది తొందరపడి కొనాల్సిన వస్తువు కాదు. రోజూ 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్య తిరిగే వారికి మాత్రం ఇంతకంటే లాభమైన వాహనం ఇవాళ లేదని నా నమ్మకం. ఉద్దానం జనం రాకపోకల్లో చాలా భాగం ఆ కొలతలోనే పడుతుంది.

కాగితం మీది రేంజి

ప్రకటనలో కనిపించే కిలోమీటర్ల అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని నడిపి రాబట్టింది. అక్కడ గుంతలుండవు, ఎదురుగాలి ఉండదు, వెనక సీటులో మనిషి ఉండడు. రోడ్డు మీదికి వచ్చేసరికి అందులో డెబ్భై, డెబ్భై అయిదు శాతం చేతికి వస్తే మంచి బండి కిందే లెక్క. 3 యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటరు 40 కిలోమీటర్ల వేగంతో ఊళ్ల మధ్య నెమ్మదిగా పోతే వంద దాకా రావచ్చు. హైవే ఎక్కి 60లో పోతే 75కి పడిపోతుంది.

కారణం గాలి. గాలి అడ్డు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది: 40 నుంచి 60కి పోతే వేగం ఒకటిన్నర రెట్లయితే, అడ్డు రెండుంపావు రెట్లు. పెట్రోలు బండికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. దారిలో బంకు ఉంటుందన్న ధీమాతో మనం పట్టించుకోం, అంతే.

సముద్రం వైపు తిరిగి వెళ్లేటప్పుడు

తీరప్రాంతంలో బండి నడిపేవారు లెక్కలో వేసుకోవలసిన మాట ఒకటుంది. పగలు నేల వేడెక్కాక మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గాలి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. ఉదయం పలాసకు వచ్చి సాయంత్రం అక్కుపల్లి, వజ్రపుకొత్తూరు వైపు ఇంటికి పోయేవారికి అది సరిగ్గా ఎదురుగాలి. అంటే, ఛార్జింగ్ సగం అయిపోయిన పూటే బండికి బరువు పని పడుతుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 40 వేగంతో పోతే, గాలికి సంబంధించినంత వరకు 60లో పోతున్నట్టే. నైరుతి రుతుపవనాల నెలల్లో పలాస నుంచి టెక్కలి దిక్కుకు పోయేవారికి పొద్దునే ఈ తిప్పలు. వచ్చేటప్పుడు మాత్రం గాలి వీపు తడుతుంది.

అందుకే ఉద్దానంలో రోజువారీ లెక్కకు ఒక పద్ధతి మేలు. ప్రకటనలోని రేంజిని సగం చేయండి. మీ రానూపోనూ దూరం ఆ సగంలో ఇమిడితే ఏ గాలికీ, ఏ వానకీ, వెనక కూర్చునే ఏ చుట్టానికీ భయపడక్కర్లేదు. ఇమడకపోతే అవతలి చివర ప్లగ్గు దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి. పలాస నుంచి శ్రీకాకుళం ఒకవైపే 75 కిలోమీటర్ల పైమాట. దానికి స్కూటరును స్టేషన్లో పెట్టి రైలెక్కడమే తెలివైన పని.

80 కిలోల బస్తా

ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. రైతులు గిట్టుబాటు ధర అడిగినా బస్తాకు ఇంత అనే అడుగుతారు. చాలా విద్యుత్ స్కూటర్లు మోయగల బరువు, మనిషితో కలిపి, 130 నుంచి 150 కిలోల మధ్య ఉంటుంది. 65 కిలోల రైతు ఒక బస్తా వేసుకుంటే 145. అంటే ఒక్క బస్తాతోనే హద్దుకు చేరిపోతాం. బండి కదులుతుంది, కానీ రేంజి తగ్గుతుంది, వెనక చక్రం బేరింగులు అరుగుతాయి. పిక్కల కాలంలో తోట నుంచి కల్లానికి మోతబండిగా వాడాలనుకునేవారికి ఈ స్కూటర్లు పనికిరావు. అలాంటి పనికి సరుకు మోసే మూడు చక్రాల విద్యుత్ బళ్లు వేరే ఉన్నాయి.

ఇసుక దారి సంగతి కూడా ఇక్కడే. విద్యుత్ మోటారు కదిలిన మొదటి క్షణం నుంచే పూర్తి బలం చూపిస్తుంది. తారు రోడ్డు మీద అది వరం. తోటల మధ్య వదులు ఇసుకలో మాత్రం యాక్సిలరేటరు గట్టిగా తిప్పితే చక్రం ఉన్నచోటే తిరిగి గుంత చేసుకుంటుంది. ఎకో మోడ్‌లో పెట్టి మెల్లగా తిప్పాలి. కొన్ని మోడళ్లలో మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది, కొన్నింటిలో బెల్టో చైనో చక్రాన్ని తిప్పుతుంది. ఇసుక ఎక్కువగా ఉన్న ఊళ్లలో మొదటి రకానికి శుభ్రం చేసే బాధ తక్కువ.

బ్రేకులో జీడిపిక్క

పలాస జీడిపప్పు పేరు దేశమంతా ఎరుగును. పిక్క పెంకులోంచి కారే నూనె సంగతి కార్మికుల చేతులకు మాత్రమే తెలుసు. అది తగిలితే చర్మం నల్లబడి పొక్కిపోతుంది. ఆ నూనెకే పరిశ్రమల్లో గొప్ప గిరాకీ. దాన్ని గట్టిపరచి పొడి చేసి బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో కలుపుతారు. రాపిడికి వేడెక్కినా పట్టు తప్పకుండా, కీచుమనకుండా చూసేది ఈ పొడే. గత శతాబ్దం మొదటి సగం నుంచీ మోటారు వాహనాల్లో ఈ వాడకం ఉంది. ఇదే నూనె నుంచి తీసిన రసాయనం ఓడల అడుగుభాగానికి తుప్పు పట్టకుండా వేసే పూతల్లోనూ చేరుతుంది. కాశీబుగ్గ రోడ్ల మీద బ్రేకు వేసే ప్రతి బండిలోనూ జీడిపిక్క వంతు ఎంతో కొంత ఉండే అవకాశం ఉందన్నమాట.

విద్యుత్ స్కూటరుకు ఆ లైనింగులు ఎక్కువ కాలం వస్తాయి. యాక్సిలరేటరు వదలగానే మోటారే జనరేటరుగా మారి బండిని నెమ్మదింపజేస్తూ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఉద్దానం చదును నేల కాబట్టి ఇలా తిరిగొచ్చే కరెంటు స్వల్పమే. మందస పైన మహేంద్రగిరి వాలు దిగేవారికి కాస్త ఎక్కువ దక్కుతుంది.

రైలు గేటు పడి పది నిమిషాలు నిలబడినప్పుడు పెట్రోలు ఇంజను ఊరికే కాలుతుంది. ఛార్జింగ్ బండి లైటుకు తప్ప దేనికీ ఖర్చు పెట్టదు.

చప్పుడు లేకపోవడం మంచిదేనా?

తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రానికి వెళ్లేవారికి మంచిదే. శీతాకాలంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టిన పెలికాన్లు, రంగు కొంగలు బండి చప్పుడుకు ఉలిక్కిపడవు.

జీడితోటల మధ్య చీకటిదారిలో వెళ్లేవారికి మాత్రం మంచిది కాదు. ఉద్దానం ఎలుగుబంట్ల సీమ. జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో అవి తోటల్లోకి, ఊళ్ల అంచుకు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. ఎలుగుబంటి మనిషిని వేటాడి తినే జంతువు కాదు. దగ్గరికొచ్చేదాకా మనిషి అలికిడి తెలియక హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అందుకే తోటల్లోకి వెళ్లేవారు మాట్లాడుకుంటూనో, చప్పుడు చేస్తూనో వెళ్లాలని చెబుతారు. పెట్రోలు బండి మోత ఆ పని తనంతట తాను చేసేది. చడీచప్పుడు లేని బండి మీద తెల్లవారుజామునో, పొద్దుగూకాకో తోటదారి పట్టినవారు మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి, హెడ్‌లైటు వేసే ఉంచాలి. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఈ సలహా ఉండదు. మన ప్రాంతంలో కొన్నవారికి మొదట చెప్పాల్సింది ఇదే.

నౌపడా ఉప్పు, ఛార్జింగ్ పిన్ను

నౌపడా ఉప్పు మడులు బ్రిటిషు కాలం నుంచి పేరున్నవి. ఆ ఉప్పును తయారు చేసే గాలీ, నీరూ లోహానికి శత్రువులు. భావనపాడు నుంచి బారువ దాకా తీరపు ఊళ్లలో కిటికీ ఊచలు ఎలా పొరలు పొరలుగా లేస్తాయో అక్కడివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

బ్యాటరీ మీద ఐపీ 67 అని రాసి ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోలేదని అర్థం. ఆ పరీక్ష చేసేది మంచినీటితో. ఏళ్ల తరబడి ఉప్పుగాలి పట్టిన రబ్బరు సీలు, ఛార్జింగ్ పిన్నులు అదే పరీక్షలో నెగ్గుతాయన్న హామీ అందులో లేదు. ఒడ్డు ఊళ్లవారు వారానికోసారి మంచినీటి తడిగుడ్డతో బండి తుడవాలి, ఛార్జింగ్ మూత బిగువుగా పడుతోందో లేదో చూడాలి, సర్వీసుకు ఇచ్చినప్పుడు వైర్ల కనెక్టర్లకు తుప్పు నివారించే గ్రీజు పెట్టమని అడిగి మరీ పెట్టించాలి. పిన్ను మీద పచ్చగా చిలుం పట్టిందంటే అక్కడ వేడి పుడుతుంది. వేడి నుంచి ప్రమాదం పుడుతుంది.

ఎక్కడ ఛార్జింగ్ పెట్టకూడదు

2022 ఏప్రిల్‌లో వారం రోజుల్లోపే రెండు విషాదాలు జరిగాయి. నిజామాబాద్‌లో ఒక ఇంట్లో, తర్వాత విజయవాడలో ఒక ఇంట్లో, రాత్రి ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలాయి. రెండుచోట్లా బండిలోంచి తీసి ఇంట్లోకి తెచ్చి ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలే. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను గట్టి చేసింది. ఏఐఎస్ 156 అనే ఆ ప్రమాణం 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి చివరి నుంచి రెండు దశల్లో అమలైంది. పాత బండి తక్కువ ధరకు వస్తోందని కొనేవారు తయారీ తేదీ చూడాల్సింది ఇందుకే.

మన ఊళ్లలో ఇంకో భయం ఉంది. ఇంటి పక్కన కొబ్బరాకు పాక వేసి బండి అందులో పెట్టడం అలవాటు. ఎండిన కొబ్బరాకు కింద బ్యాటరీ ఛార్జింగ్ పెట్టకండి. పడకగదిలో పెట్టకండి. గుమ్మానికి అడ్డంగా కూడా పెట్టకండి, ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లు బయటికి వచ్చే దారి అదే. రేకు కప్పున్న వసారా, పక్కన ఎండు సరుకు ఏదీ లేని గోడ, విడిగా ఒక ఎంసీబీ, నిజంగా భూమిలో దిగిన ఎర్త్ తీగ ఉంటే చాలు. మామూలు ఇంటి ఛార్జరు లాగేది 750 నుంచి 900 వాట్లు, ఇస్త్రీ పెట్టె అంత. అయితే ఇస్త్రీ పెట్టె పది నిమిషాలు పనిచేస్తుంది, ఇది నాలుగైదు గంటలు. వదులు సాకెట్టు, సన్నని పాత వైరు ఆ తేడాను తట్టుకోలేవు. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో సరిపెట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

వేసవిలో మరో జాగ్రత్త. మధ్యాహ్నం ఎండలో నడిపి వచ్చిన బండిని వెంటనే ప్లగ్గుకు తగిలించకుండా ఓ గంట నీడన చల్లారనిస్తే బ్యాటరీ ఆయువు పెరుగుతుంది. రాత్రి పది దాటాక పెడితే ఓల్టేజీ కూడా నిలకడగా ఉంటుంది.

తిత్లీ రాత్రి బండి ఉండుంటే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 165 కిలోమీటర్ల దాకా విసిరింది. తాతల నాటి కొబ్బరి తోటలు, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి, కొన్ని ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను ఛార్జింగ్ కోసం జనరేటరు ఉన్న చోటుకు జనం వెతుక్కుంటూ పోయారు.

తుపాను నేలలో కరెంటు బండి ఏమిటి అని అడిగేవారిని తప్పు పట్టను. న్యాయమైన ప్రశ్న. దానికి సగం జవాబు ఏమిటంటే, పెట్రోలు బంకులోని పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది. జనరేటరు లేని బంకు తుపాను మర్నాడు మూతే. మిగతా సగం జాగ్రత్తలో ఉంది. వాతావరణ శాఖ ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే చెబుతోంది. మామూలు రోజుల్లో 80 శాతానికి ఆపేసే అలవాటున్నవారు కూడా హెచ్చరిక రాగానే నూటికి నూరు ఎక్కించి, నీరు చేరని ఎత్తు మీద, చెట్టు లేని చోట బండి నిలపాలి. ఊరికే ఉన్న బ్యాటరీలో ఛార్జింగ్ వారం పది రోజులకు పెద్దగా తరగదు. నిండిన 3 యూనిట్ల బ్యాటరీ, నష్టాలు పోను, నూటయాభై ఫోన్లను నింపగలిగేంత శక్తి. సీటు కింద యూఎస్‌బీ సాకెట్టు ఉన్న బండి ఆ రోజుల్లో వీధికంతటికీ ఆదుకుంటుంది. కొనేటప్పుడు ఆ సాకెట్టు ఉందో లేదో చూడండి. వరదనీట మునిగిన బండికి మాత్రం ఎండబెట్టాక కూడా ఛార్జింగ్ పెట్టకూడదు, ముందు మెకానిక్ చూడాలి.

ఇంకొకటి: థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే చెట్టు కూలినా, నీట మునిగినా పైసా రాదు. సమగ్ర బీమా కావాలి. థర్డ్ పార్టీ ప్రీమియంలో విద్యుత్ బండికి 15 శాతం రాయితీ ఉంది. 2022 జూన్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 3 నుంచి 7 కిలోవాట్ల మోటారుకు ఏడాదికి 607 రూపాయలు, మామూలు పెట్రోలు స్కూటరుకు 714. అక్కడ మిగిలిన వందను సమగ్ర బీమాలో పెట్టడం ఉద్దానంలో దండగ కాదు.

పొగ ఎక్కడికి పోతుంది

2010 జూలై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. బీల, తంపర అనే ఆ చిత్తడి నేలల నీళ్లను, వాటిమీద బతికే చేపలను, పంటలను కాపాడుకోవాలని, థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని జనం అడ్డుపడిన రోజులవి. ఒక్కో కేంద్రం సామర్థ్యం 2,640 మెగావాట్లు. విద్యుత్ స్కూటరుకు పొగ లేదని చెప్పేటప్పుడు ఈ రెండు ఊళ్లను తలచుకోకుండా ఉండలేం. మనం ప్లగ్గు పెట్టే కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. ఆ పొగ పరవాడ దగ్గర సింహాద్రి వంటి కేంద్రాల చిమ్నీల్లోంచి వేరే ఊరివాళ్ల మీదికి పోతుంది.

లెక్క చెప్పాలంటే, లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు. పైన చెప్పిన నెల ప్రయాణానికి 53 కిలోలు. మన గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.73 కిలోలు వెలువరిస్తుంది. 36 యూనిట్లకు 26 కిలోలు. సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంటి కప్పు మీద సౌరఫలకాలు పెట్టినవారికి అది ఇంకా తగ్గుతుంది. ఒక కిలోవాటు ఫలకం రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, బండికి కావలసింది రోజుకు ఒకటిన్నర లోపే. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఫ్రేము మాత్రం తిత్లీ గాలిని గుర్తుపెట్టుకుని బిగించాలి.

చిన్న చిన్న సంగతులు

టెక్కలికి యంత్రంతో నడిచే రాకపోక 1900లోనే వచ్చింది. పర్లాకిమిడి రాజా వేయించిన రెండున్నర అడుగుల చిన్న పట్టాల రైలు నౌపడా నుంచి టెక్కలి మీదుగా పోయేది. 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో ఆపి బ్రాడ్ గేజి చేశారు.

లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేని బళ్లంటూ అమ్మేవి గంటకు 25 కిలోమీటర్లు, 250 వాట్ల హద్దులోపు ఉన్నవే. ఊరి లోపల పెద్దలకు చక్కగా సరిపోతాయి. లారీలు పరుగెత్తే జాతీయ రహదారి మీదికి ఆ వేగంతో ఎక్కకూడదు. వాటిలో చౌకవి సీసం-ఆమ్లం బ్యాటరీలతో వస్తాయి. రెండేళ్లకు మార్చాల్సి రావడం మామూలే.

ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలుంటే సొంత విద్యుత్ బండి, పసుపు అక్షరాలుంటే అద్దెకు తిరిగేది.

కేంద్ర సబ్సిడీ కొన్న తేదీని బట్టి ఎంత మారిందో చూడండి: 2021 జూన్‌లో యూనిట్ బ్యాటరీకి 15 వేలు, 2023 జూన్‌లో 10 వేలు, 2024 అక్టోబరులో 5 వేలు, తర్వాతి ఏడాది 2,500. పక్కింటివారు ఇంతకు కొన్నారని మనకూ అంతకే వస్తుందనుకోవడానికి లేదు.

కొనేముందు షోరూములో ఒక్క ప్రశ్న తప్పక అడగాలి. సర్వీసు కేంద్రం ఈ బండి రేంజిలోపు ఉందా? పాడైన బండిని ట్రాలీ ఆటోలో విశాఖకో బరంపురానికో ఎక్కించాల్సి వస్తే ఏడాది పొదుపు అందులోనే పోతుంది. చాలా విద్యుత్ స్కూటర్లు 100 కిలోల పైన బరువుంటాయి, తోసుకుంటూ పోలేం.

నాలుగు గంటలు కూర్చునే చోట

ఉద్దానంలో రోజువారీ ప్రయాణం అంటే ఆఫీసుకూ కాలేజీకీ మాత్రమే కాదు. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు సోంపేటకో, కవిటికో, హరిపురానికో, పలాసకో వెళ్లిరావాలి. వెనక సీటులో రోగి, ముందు కొడుకో అల్లుడో. పనిరోజు పోతుంది, పెట్రోలు డబ్బూ పోతుంది, ఏళ్ల తరబడి ఇదే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. చికిత్స దగ్గరైంది గానీ, ఊరి నుంచి అక్కడికి వచ్చిపోయే దూరం మాత్రం ఎవరిది వారికి మిగిలే ఉంది.

ఒక డయాలసిస్‌కు పట్టే సమయం సుమారు నాలుగు గంటలు. 750 వాట్ల ఇంటి ఛార్జరు నాలుగు గంటల్లో లాగేది 3 యూనిట్లు, అంటే దాదాపు నిండు బ్యాటరీ. ఇరవై అయిదు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలిలో, ఒంట్లో సత్తువ లేని మనిషిని ఎక్కించుకుని వెళ్లే వాళ్లకు ఆ నాలుగు గంటల ప్లగ్గు కంటే కావలసింది లేదు. దానికి లక్షల రూపాయల ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషను అక్కర్లేదు. ఆస్పత్రి బళ్ల స్టాండులో గోడకు కొన్ని 15 ఆంపియర్ల సాకెట్లు, ఒక్కోదానికి ఎంసీబీ, ఎర్త్, పైన రేకు. ఒక్కో బండికి ఒక్కో పూట కరెంటు ఖర్చు ముప్పై రూపాయల లోపు.

జీడి పరిశ్రమల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని పప్పు వలిచే ఆడవాళ్లలో సొంత స్కూటరు మీద వచ్చేవారు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. వారికీ, విశాఖ రైలెక్కడానికి పలాస స్టేషన్లో బండి పెట్టి పోయేవారికీ, టెక్కలి కాలేజీల పిల్లలకీ కావలసింది ఆ మామూలు సాకెట్టే. పంచాయతీలు, మున్సిపాలిటీ, ఆస్పత్రుల అభివృద్ధి సంఘాలు తమ చేతిలో ఉన్న డబ్బుతో చేయగల పని ఇది. కిడ్నీ ఆస్పత్రి స్టాండుతో మొదలుపెట్టి, సోంపేట, కవిటి, హరిపురం కేంద్రాల్లో కూడా పెట్టాలి.